ముందు కుర్చీని బోర్లించండి

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయం హాల్లో, పాత కుర్చీలు, సోఫాల గురించి ఒక రిటైర్డ్ టీచర్ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఖాళీలున్నాయి. కుర్చీల గురించి మాట్లాడమని పిలిచి, కూర్చోడానికి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. (నవ్వులు) తప్పు పట్టడం లేదండీ. ఒకదాంట్లో ఒకటి దూర్చి మూల పెట్టేయొచ్చు, తడిస్తే తుడిచేయొచ్చు. కాలు విరిగితే మాత్రం ఏ మేస్త్రీ దాన్ని బాగుచెయ్యలేడు. నేను చెప్పబోయేదంతా ఆ విరిగిన కాలు గురించే.

నాకు ఫర్నిచర్ చదువేం లేదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. రిటైరయ్యాక ఈ పిచ్చి ముదిరింది. ఇంట్లో ఉండేది ఇద్దరం, కూర్చునేవి పధ్నాలుగు. టికెట్ అడుగుతామేమోనని చుట్టాలు రావడం మానేశారని మా ఆయన అంటారు.

అసలు ఎలా పట్టిందో చెబుతాను. 2014 అక్టోబర్ 12, తుపాను పేరు హుద్‌హుద్. ఆ రోజు మీకెవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. మా ముందుగది కిటికీ రెక్క ఊడిపోయి, గదిలో మడమ లోతున నీళ్లు నిలిచాయి. ఆ గదిలో రెండు రకాల సామాను ఉంది. ఒకటి, అంతకుముందు ఏడాదే కొన్న సోఫా సెట్టు. కొట్టు పేరు ఎందుకులెండి, పదేళ్లు ఢోకా లేదని చెప్పి అమ్మారు. రెండోది మా అత్తగారి కాలం నాటి చేతుల కుర్చీ, పేము అల్లింది. దాన్ని ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నాను అప్పటికి.

కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఏదీ ఆరదు. మూడో రోజుకి కొత్త సోఫా కింది అంచు ఉబ్బింది. టీలో ముంచి మరిచిపోయిన బిస్కెట్టు చూశారా, అలా. వేలితో నొక్కితే పొట్టుపొట్టుగా రాలింది. పైన గుడ్డ చెక్కుచెదరలేదు, లోపల మాత్రం ఏమీ మిగల్లేదు. పాత కుర్చీని వరండాలో నీడన పెట్టాం. తడిసిన పేము వదులై, జోలెలా కిందికి దిగింది. ఇదీ పోయిందనుకున్నాను. నాలుగు రోజులకి ఆరి, మద్దెల చర్మంలా బిగిసింది. గోటితో కొడితే టంగుమంది.

తర్వాత తెలిసింది, పేము గుణమే అంత. నీళ్లలో నానబెట్టి, మెత్తగా ఉండగా అల్లుతారు. ఆరేటప్పుడు దానంతట అదే బిగుసుకుంటుంది. మీ ఇంట్లో పేము కుర్చీ సీటు కాస్త దిగిందనుకోండి, బోర్లా వేసి, అడుగువైపు నుంచి గోరువెచ్చటి నీళ్ల గుడ్డతో బాగా తడిపి, ఆరేదాకా ఎవర్నీ కూర్చోనివ్వకండి. తెగకుండా ఉంటే చాలు, చాలావరకు పైకి లేస్తుంది. పైసా ఖర్చు లేదు.

సోఫా బాగుచేస్తాడేమోనని ఒక వడ్రంగి మేస్త్రీని పిలిచాను. ఆయన సోఫాని కాలితో ఒకసారి తట్టి వదిలేశాడు. వరండాలో కుర్చీ కనిపించింది. అడక్కుండానే దాన్ని ఎత్తి, బోర్లించి, కింద చెయ్యి పెట్టి తడిమాడు. పశువుల డాక్టరు దూడ కడుపు తడిమినట్టు. "టీచరమ్మా, ఆ సోఫాకి సేయడానికేటీ లేదు, పారేయండి. ఈ కుర్సీ మాత్రం ఎవులికీ ఇవ్వకండి" అన్నాడు.

ఎందుకని అడిగితే అతుకులు చూపించాడు. ఎక్కడా ఇనుప మేకు లేదు. ఒక కర్ర చివర కుసి, అంటే నాలుకలాంటి మొన, చెక్కి, రెండో కర్రలో బెజ్జం తొలిచి, అందులో దించారు. ఆ రెండింటినీ కలిపి అడ్డంగా ఒక సన్నటి కర్ర మేకు. జిగురు కూడా పశువుల ఎముకలు, తోలు ఉడకబెట్టి తీసిందే, వేడి ఆవిరి తగిలితే వదిలేస్తుంది. అంటే ఆ కుర్చీని చేసినవాడు, ఎప్పుడో ఒకరోజు ఇంకొకడు దీన్ని విప్పుతాడని అనుకునే చేశాడు. మా కొత్త సోఫాని చేసినవాళ్లకి ఆ ఆలోచనే లేదు. స్టేపుల్ పిన్నులు కొట్టి, కనపడకుండా కింద నల్లగుడ్డ వేసేశారు.

పాత సోఫాలు, కుర్చీలు ఇంటికి కళ తెస్తాయంటారు, నిజమే, తెస్తాయి. నాకు నచ్చేది మాత్రం వాటి పొట్ట. విప్పితే లోపల ఏముందో కనిపిస్తుంది, ఎక్కడ చెడిందో అక్కడికే మందు వెయ్యొచ్చు.

బొబ్బిలి దగ్గర ఒక పాత మిద్దె ఇల్లు పడగొడుతుంటే, అక్కడ ఇద్దరు కూర్చునే సోఫా ఒకటి దొరికింది. పైన రెక్సిన్ చిరిగిపోయి, ఒక మూల స్ప్రింగు పైకి పొడుచుకొచ్చి ఉంది. ఇంటికి తెచ్చి నేనూ మేస్త్రీ రెండు రోజులు కూర్చుని విప్పాం. అన్నిటికన్నా కింద, అడ్డం నిలువు అల్లిన గోనె పట్టీలు. వాటి మీద స్ప్రింగులు. స్ప్రింగుల మీద గోనె గుడ్డ. దాని మీద కొబ్బరి పీచు, జానెడు మందాన. ఆపైన దూది పొర. ఆపైన గుడ్డ, దాని మీద ఎవరో తర్వాత కొట్టించిన రెక్సిన్.

ఇంగ్లండులో ఇలాంటి సోఫాల్లో గుర్రపు వెంట్రుకలు కూరేవారు. మన దగ్గర అన్ని గుర్రాలెక్కడివి? కొబ్బరి పీచు కూరారు. ఉద్దానం వెళ్లి చూడండి, కవిటి, సోంపేట వైపు, కొబ్బరి పీచుకి కొదవా? గోనె సంగతి విజయనగరం వాళ్లకి నేను చెప్పాలా? నెల్లిమర్ల జూట్ మిల్లు పక్కనే ఉంది. మన మెట్ట పొలాల్లో గోగునార వేసేవారు, చెరువుల్లో ఊరవేసిన కట్టల వాసన నా ముక్కులో ఇంకా ఉంది. దొరల సోఫా అంటాం గానీ, లోపలంతా మన సంతలో సరుకే.

స్ప్రింగుల దగ్గర నన్ను కాస్త ఆగనివ్వండి, ఫిజిక్స్ టీచర్ని కదా. వియన్నాలో ఒక సోఫాల పనివాడు, యూనిగ్ల్ అనే ఆయన, 1822లో ఇనుప స్ప్రింగులు పెట్టి సీటు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు సోఫా మెత్తదనమంతా ఎక్కువగా లోపల కూరిన సరుకుదే. స్ప్రింగు గుణం మీకు తెలుసు, ఎంత నొక్కితే అంత ఎదురు తోస్తుంది. కానీ ఒంటరిగా వదిలేస్తే పక్కకి వంగిపోతుంది. అందుకని ప్రతి స్ప్రింగు తలనీ ఎనిమిది వైపుల నుంచి పురికొసతో కడతారు. ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ, నాలుగు మూలలకీ. మీరొక చోట కూర్చుంటే ఆ బరువు పక్క స్ప్రింగులు కూడా పంచుకుంటాయి. ఉమ్మడి కుటుంబం అనుకోండి. మా సోఫాలో స్ప్రింగులన్నీ బాగానే ఉన్నాయి. తెగింది పురికొస ఒక్కటే. అన్నేళ్లు సోఫా మూల పడిపోయింది ఒక పురికొస తెగినందుకు! కొత్త పురికొస, కొత్త గోనె పట్టీలు వేశాం. పీచు తీసి, దులిపి, ఎండలో ఆరబెట్టి మళ్లీ అదే కూరాం.

ఫోము అలా కాదు. పాలీయూరిథేన్ 1937లో జర్మనీలో కనిపెట్టారు, మెత్తటి ఫోముగా సోఫాల్లోకి వచ్చింది 1950ల నుంచి. హాయిగానే ఉంటుంది, కాదనను. గాలికీ వెలుతురుకీ పసుపు రంగుకి తిరిగి, చివరికి పొడి అవుతుంది. దాన్ని ఎండబెట్టి మళ్లీ వాడేదేం లేదు, తీసి కొత్తది వెయ్యడమే.

ఇక్కడ ఒక పిట్టకథ. సోఫా అనే మాట అరబ్బీలో సుఫ్ఫా నుంచి వచ్చింది. సుఫ్ఫా అంటే ఎత్తుగా కట్టిన దిమ్మె. అంటే ఏమిటి? మన అరుగే! కుర్చీ కూడా అరబ్బీ మాటే, కుర్సీ. మా మేస్త్రీ కుర్సీ అంటే మా మనవడు నవ్వుతాడు. అసలు పలుకు మేస్త్రీదేరా అని చెప్పాను. (నవ్వులు)

మనకి సొంతంగా ఉన్నవి పీట, చాప, మంచం, ఉయ్యాల బల్ల, అరుగు. వీపుకి ఆనుడు ఉన్న కుర్చీ మామూలు ఇళ్లలోకి వచ్చి మరీ ఎక్కువ తరాలు కాలేదు. వచ్చిన కొత్తలో అది సుఖం కోసం రాలేదు, హోదాగా వచ్చింది. ఈ మాట చెప్పకుండా పాత కుర్చీల అందం గురించి మాట్లాడితే అబద్ధం చెప్పినట్టే.

మా తాతయ్య చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో కరణం. ఆయన పడక కుర్చీ వీధి అరుగు మీద ఉండేది. టేకు చట్రం, దానికి చారల గుడ్డ, పైనొక కర్ర, కిందొక కర్ర. పని మీద వచ్చినవాళ్లలో కొందరు అరుగు అంచున కూర్చునేవారు, కొందరు కింది మెట్టు మీద, కొందరు వీధిలోనే నిలబడేవారు. ఎవరు ఎక్కడో ఎవరూ చెప్పేవారు కాదు, అందరికీ తెలుసు. 1984లో ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసింది. లెక్కల పుస్తకాలు వెళ్లిపోయాయి, కుర్చీ ఉండిపోయింది. కొన్నాళ్లకి, మెట్టు మీద కూర్చునే ఒకాయన కొడుకు, టీచరు ఉద్యోగం వచ్చిందని మిఠాయి పొట్లం పట్టుకొచ్చాడు. వచ్చి, అలవాటుగా మెట్టు మీదే కూర్చోబోయాడు. మా నానమ్మ లోపల్నించి ఇనప మడత కుర్చీ తెచ్చి అరుగు మీద వేసింది. ఏమీ అనలేదు. ఆయన ఒక నిమిషం నిలబడి, తర్వాత కూర్చున్నాడు. తాతయ్య పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అందుకే షాపుల్లో రాయల్ లుక్ అని రాసి, బంగారు రంగు పూసిన సింహాసనాలు అమ్ముతుంటే నాకు చిరాకు. కోట ఉన్న ఊళ్లో ఉంటూ ఈ మాటేమిటని మీరు అనుకోవచ్చు. కోటలో కుర్చీ కోటలో బాగుంటుంది. మనకి కావలసింది వీపు నొప్పి పుట్టించని కుర్చీ.

హోదా లేని పాత కుర్చీ కూడా ఉంది, అదంటే నాకు మహా ఇష్టం. పాత కాఫీ హోటళ్లలో వీపు దగ్గర గుండ్రంగా వంచిన సన్న కర్ర కుర్చీలు గుర్తున్నాయా? వాటి మూలపురుషుడు మైఖేల్ థోనెట్. బీచ్ అనే కర్రని ఆవిరి పట్టించి వంచేవాడు. 1859లో ఆయన తెచ్చిన 14వ నంబరు కుర్చీలో ఉన్నవి ఆరే ఆరు కర్ర ముక్కలు, మిగతాది మరలు. విప్పి సర్దితే, మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఓడలో ఎక్కించి ఎక్కడికైనా పంపొచ్చు, చేరిన చోట స్క్రూడ్రైవరు ఉంటే చాలు. ఇప్పుడు ఆన్‌లైన్లో కొంటే అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చే కుర్చీ ఉందే, దానికి ముత్తాత అది. తేడా ఒక్కటే, ముత్తాత ఇంకా బతికే ఉన్నాడు.

కర్ర గురించి. అమ్మేవాళ్లు పాతదంతా టేకే అంటారు. మన వైపు పాత కుర్చీల్లో వేగిస ఉంటుంది, మద్ది ఉంటుంది, పనస ఉంటుంది. వేగిసని మేస్త్రీ పట్టుకునే పద్ధతి చూసి నేను ముచ్చటపడ్డాను. కుర్చీ అడుగున, కనపడని చోట చేవ భాగం, అంటే కర్ర లోపలి గట్టి భాగం నుంచి రెండు పొట్టు ముక్కలు గీరి, గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేశాడు. కాసేపటికి నీళ్లు లేత టీ రంగుకి తిరిగాయి. గ్లాసు తీసుకెళ్లి ఎండలో పెట్టమన్నాడు. పక్కనుంచి చూస్తే, టీ రంగు మీద నీలం మెరుపు! "యేగిసంటే అదేనమ్మా" అన్నాడు. దాన్ని ఫ్లోరెసెన్స్ అంటారని ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఒక కుర్చీలోంచి వస్తుందని నాకు తెలీదు.

పనస కర్ర కోసినప్పుడు పచ్చగా, పసుపు కొట్టినట్టుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. బొబ్బిలి వీణ తెలుసుగా, ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. పాత వీణకీ కొత్త వీణకీ రంగులో తేడా చూస్తే మీకే తెలుస్తుంది. పాత పనస కుర్చీకి ఉండే ఆ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు.

ఇక మోసాలు. బ్రిటిష్ కాలం నాటిదండీ అని చూపిస్తారు. మీరు చెయ్యాల్సిందల్లా బోర్లించడం. స్క్రూ తల మీద కూడిక గుర్తులా గాడి ఉందనుకోండి, స్టార్ స్క్రూ అంటామే, అది 1930ల తర్వాత వచ్చింది. అంతకన్నా పాత కుర్చీ అని చెబుతుంటే, మధ్యలో రిపేరన్నా అయి ఉండాలి, మాటన్నా అబద్ధమై ఉండాలి. ఇంకొకటి, అరుగుదల. చేతులు ఆనే చోట, కాళ్లు పెట్టుకునే అడ్డకర్ర మీద అరగాలి. ఇసక కాగితం పెట్టి అన్ని వైపులా సమానంగా అరగదీస్తే, అది వయసు కాదు, వేషం. నేనూ మోసపోయాను లెండి, ఒకసారి కాదు. రెండో కుర్చీ గురించి మా ఆయనకి ఇప్పటికీ తెలీదు, ఆయన ఇవాళ రాలేదు కాబట్టి చెబుతున్నాను. (నవ్వులు)

ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటిది నల్లులు. పేము దూర్చిన చిన్న చిన్న బెజ్జాలు వాటికి ఫ్లాట్లు. పాత కుర్చీ తెస్తే తిన్నగా హాల్లోకి తేకండి. బయటే పెట్టి, బెజ్జాల్లో సలసల కాగే నీళ్లు పొయ్యండి, మంచి ఎండలో పెట్టండి, వారం ఆగి మళ్లీ చూడండి. మా అమ్మ చేసేది ఇదే. రెండోది, కింద రోజూ పిండిలా రాలుతుంటే పురుగు ఇంకా లోపల పనిచేస్తోందని అర్థం. చేవ లేని బయటి తెల్లచెక్కనే తింటోందా, కుసి దాకా వెళ్లిందా చూడండి. కుసులు పోతే ఆ కుర్చీని వదిలేయండి. పాతదన్న ప్రతిదాన్నీ బతికించక్కర్లేదు. మూడోది ఎత్తు. పాత వాలు కుర్చీలు మరీ కిందికి ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు కూర్చోగలరు, లేవలేరు. కాళ్ల కింద రెండంగుళాల కర్ర దిమ్మలు వేయించండి. అందం చెడుతుందంటారా, లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి రావడం కన్నా నయం.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: వేడి గ్లాసు పెడితే కుర్చీ చేతి మీద తెల్లగా గుండ్రటి మచ్చ పడింది. ఏం చెయ్యాలి?)

స్పిరిట్ పాలిష్ అయ్యుంటుందండీ. లక్కని స్పిరిట్లో కరిగించి, దూది ఉండకి గుడ్డ చుట్టి, పొర మీద పొర రుద్దుతారు. వేడికీ తేమకీ అది తెల్లబడుతుంది. అదే దాని బలహీనత, అదే బలం కూడా. ఎందుకంటే మళ్లీ స్పిరిట్ తగిలితే పాత పొర కరిగి కొత్తదాంతో కలిసిపోతుంది. పాలిష్ మేస్త్రీ ఆ ఒక్క చోటే రుద్ది సరిచేస్తాడు. ఇప్పటి మెరిసే పీయూ, అంటే పాలీయూరిథేన్ పాలిష్ గ్లాసు వేడికి చలించదు. కానీ గీత పడితే మొత్తం గీకి మళ్లీ వెయ్యాలి.

(ప్రశ్న: పేము అల్లేవాళ్లే దొరకడం లేదు కదా?)

దొరుకుతారు, వెతకాలి. ఒకప్పుడు ప్రభుత్వ ఆఫీసుల్లో కుర్చీలు అల్లే పని చూపు లేనివాళ్లకి ఇచ్చేవారు. మా కుర్చీలు అల్లేది కూడా చూపు లేని ఒక పెద్దాయనే. ఒకసారి ఆయన దగ్గర కూర్చుని నేనే ఒక వరస అల్లాను, బాగానే వచ్చిందని మురిసిపోయాను. ఆయన అరచేత్తో ఒకసారి అలా రాసి, సరిగ్గా ఒకచోట వేలు ఆపాడు. "ఇక్కడ కిందనించి రావాల్సింది పైనించి వచ్చినాదమ్మా" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి చూస్తే గానీ నాకు కనపడలేదు. విప్పి మళ్లీ అల్లాను.

(ప్రశ్న: మాది చిన్న ఫ్లాటు, ఇవన్నీ ఎక్కడ పెట్టాలి?)

నన్ను చూసి చెడిపోకండి. ఒక్క కుర్చీ చాలు. కిటికీ పక్కన పెట్టి, పక్కనొక దీపం. సోఫా కొత్తదే ఉంచుకోండి, పిల్లలు గెంతడానికి.

(ప్రశ్న: మీ తాతగారి పడక కుర్చీ ఇప్పుడు ఎక్కడుంది?)

మా వరండాలో ఉందండీ. గుడ్డ మూడుసార్లు మార్చాను, చట్రం అదే. చిన్నప్పుడు నేనొక ఘనకార్యం చేశాను దాంతో. గుడ్డలోంచి పైకర్ర లాగేసి, గుడ్డని మాత్రం చట్రం మీద అలాగే వేలాడదీశాను. మా మావయ్య వచ్చి ఠీవిగా కూర్చున్నాడు, సరాసరి నేల మీదకి. వీధి వీధంతా వినపడేలా తిట్టాడు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునే ముందు నేను చెయ్యి పెట్టి కర్ర ఉందో లేదో తడిమి చూసుకుంటాను. మా మనవడికి ఏడేళ్లు.